చిగుళ్ల సందులో పెట్టే మందు పొర: నా ఎం.ఫార్మ్ ప్రాజెక్టు అనుభవం

ఎం.ఫార్మ్ రెండో ఏడాదిలో ప్రాజెక్టు ఎంచుకోమన్నప్పుడు మా ఫార్మాస్యూటిక్స్ బ్యాచ్‌లో చాలామంది నానోపార్టికల్స్ అన్నారు. నేను ఫిల్మ్, అంటే మందు కలిపిన పల్చటి పొర, అన్నాను. నానో అయితే సైజు కొలిపించడానికి ఊరు కాని ఊరికి శాంపిళ్లు పంపి, డబ్బు కట్టి, రిపోర్టు కోసం ఎదురు చూడాలి. ఫిల్మ్ కంటికి కనబడుతుంది, చేత్తో పట్టుకోవచ్చు, పాడైతే పాడైందని అక్కడికక్కడే తెలుస్తుంది. గైడ్ సార్ సినాప్సిస్ (ప్రాజెక్టు ప్రతిపాదన) మీద సంతకం పెడుతూ, "తేలికని తీసుకుంటున్నావామ్మా? సరే, చూద్దాం" అన్నారు.

తీసుకున్న అంశం ఇది. చిగుళ్ల జబ్బు ముదిరితే పంటికీ చిగురుకీ మధ్య సందు లోతవుతుంది. డెంటిస్టులు దాన్ని పాకెట్ అంటారు. మామూలుగా రెండు మూడు మిల్లీమీటర్లకు మించని సందు ఐదు, ఏడు మిల్లీమీటర్ల దాకా దిగిపోతుంది. గాలి ఆడని ఆ లోతులో ఆక్సిజన్ అక్కర్లేని బ్యాక్టీరియా కాపురం పెడుతుంది. అక్కడికి బ్రష్ అందదు, పుక్కిలించే మందు కూడా అందదు. అందుకని డాక్టర్లు పళ్లు క్లీన్ చేశాక మెట్రోనిడజోల్ బిళ్లలు రాస్తుంటారు. ఇది మన ఇళ్లలో అందరికీ తెలిసిన మందే. విరేచనాలకు వేసుకునే ఫ్లాజిల్, మెట్రోజిల్ ఇదే. 400 మిల్లీగ్రాముల బిళ్ల రోజుకు మూడు చొప్పున ఐదు రోజులు వేస్తే 6 గ్రాములు. నాలుక మీద లోహపు రుచి, కడుపులో తిప్పు. ఇంతా చేసి ఆ సందులోకి చేరేది అందులో ఆవగింజంత కూడా ఉండదు. అదే మందును అరమిల్లీగ్రాము తీసుకుని, సరిగ్గా ఆ సందులోనే పెట్టి, కొన్ని రోజులపాటు కొంచెం కొంచెంగా వదిలేలా చేస్తే? 6 గ్రాములకూ అరమిల్లీగ్రాముకూ తేడా పన్నెండు వేల రెట్లు.

ఆలోచన నాది కాదు. అమెరికాలో మ్యాక్స్ గుడ్‌సన్ అనే దంత పరిశోధకుడి బృందం 1979లోనే టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ నింపిన సన్నటి గొట్టపు దారాలను పాకెట్‌లో పెట్టి చూసింది. తర్వాత ఆక్టిసైట్ పేరుతో టెట్రాసైక్లిన్ దారం మార్కెట్లోకి వచ్చింది. అయితే దాని పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) శరీరంలో కరగదు కాబట్టి పది రోజులకు డాక్టర్ దగ్గరికి వెళ్లి తీయించుకోవాల్సి వచ్చేది. 1998లో అమెరికాలో అనుమతి వచ్చిన పెరియోచిప్‌కు ఆ బెడద లేదు. అది జెలటిన్‌తో చేసిన చిన్న రేకు, అందులో 2.5 మిల్లీగ్రాముల క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశని. పది రోజుల్లోపు దానంతట అదే కరిగిపోతుంది. నేను చేయాలనుకున్నది ఆ దారిలోనే ఇంకో అడుగు.

పాలిమర్ ఏది తీసుకోవాలన్నది మొదటి చర్చ. శరీరంలో కరిగే పాలిమర్ అనగానే అందరికీ గుర్తొచ్చేది పీఎల్‌జీఏ. ఆపరేషన్లలో వేసే కరిగే కుట్లు, అదే విక్రిల్, ఈ కుటుంబానివే. నీళ్లు తగిలితే దాని గొలుసులు ఒక్కొక్కటే తెగి చివరకు లాక్టిక్ ఆమ్లం, గ్లైకాలిక్ ఆమ్లంగా మారతాయి, వాటిని శరీరం మామూలుగా వాడేసుకుంటుంది. కానీ ల్యాబ్ ప్యాక్ గ్రాముకే వేల రూపాయలు. జీప్యాట్ (ఫార్మసీ పీజీ ప్రవేశ పరీక్ష)లో అర్హత సాధించినవాళ్లకు అప్పట్లో వచ్చిన స్టైపెండ్ నెలకు 12,400 రూపాయలు. పైగా పీఎల్‌జీఏను కరిగించడానికి డైక్లోరోమీథేన్ లాంటి సాల్వెంట్ కావాలి. అది ఫిల్మ్‌లో 600 పీపీఎంకు (పది లక్షల్లో 600 వంతులకు) మించి మిగలకూడదని మందుల ప్రమాణాలు చూసే అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ మార్గదర్శకం. మిగిలిందో లేదో తేల్చాలంటే గ్యాస్ క్రొమటోగ్రఫీ, దానికి మళ్లీ బయటి ల్యాబు. దాంతో సార్ కైటోసాన్ వైపు మొగ్గారు.

కైటోసాన్ రొయ్యల పొట్టు నుంచి వస్తుంది. మాది భీమవరం వైపు. చుట్టూ చెరువులే. రొయ్యల పెంపకంలో దేశంలో మన రాష్ట్రానిదే మొదటి స్థానం, కాబట్టి ప్రాసెసింగ్ ప్లాంట్లలో తలలు, పొట్టు గుట్టలుగా మిగలడం చిన్నప్పటి నుంచి చూసిందే. ఆ పొట్టును ఆమ్లంలో వేస్తే సున్నం పోతుంది, క్షారంలో వేస్తే ప్రోటీన్ పోతుంది. మిగిలింది కైటిన్. దాన్ని గాఢమైన సోడియం హైడ్రాక్సైడ్‌లో వేడి చేస్తే ఎసిటైల్ గ్రూపులు ఊడి కైటోసాన్ అవుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ చాలా కాలంగా దీని మీద పని చేస్తోంది. నేనూ పొడిని కొచ్చి నుంచే తెప్పించుకున్నాను. మా నాన్నకు చెబితే, "మన రొయ్య పొట్టు అక్కడిదాకా వెళ్లి మందై వస్తుందా! అయితే ఎకరం రేటు పెరుగుద్దేమో కనుక్కో" అన్నాడు.

ఈ పని మొదలుపెట్టే జూనియర్లకు ఒక్క మాట చెబుతాను. కైటోసాన్ కొనేటప్పుడు డబ్బా మీద పేరు చూసి కొనకండి. ఎసిటైల్ గ్రూపులు ఎంత శాతం ఊడాయి, ద్రావణం చిక్కదనం ఎంత, ఈ రెండూ రాసిన సర్టిఫికెట్ అడగండి. ప్రాజెక్టు మొత్తానికి సరిపడా ఒకే లాట్‌లో, అంటే ఒకే విడత తయారైన సరుకులో, తీసుకోండి. లాట్ మారితే అదే రెండు శాతం ద్రావణం ఒకసారి గంజిలా జారుతుంది, ఇంకోసారి కలిపే అయస్కాంతపు గుండు తిరగనంత బిగుసుకుంటుంది. అప్పుడు పాత రీడింగులకూ కొత్త రీడింగులకూ పొంతన కుదరదు.

ఇక పోత పని. కైటోసాన్ మంచినీళ్లలో కరగదు. ఒక శాతం ఎసిటిక్ ఆమ్లంలో రాత్రంతా తిప్పితే కరుగుతుంది. కరగని పలుకులు కొన్ని ఎప్పుడూ ఉంటాయి, పల్చటి గుడ్డలో వడకట్టాలి. అందులో మెట్రోనిడజోల్, మెత్తదనానికి కాస్త గ్లిజరిన్ కలిపి, బుడగలు పోయేదాకా కదపకుండా ఉంచి, పెట్రీ డిష్‌లో పోసి 40 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టాలి. పుస్తకంలో ఇది ఒక పేరా. ల్యాబ్‌లో నా చదువులో సగం కాలం దీనికే పోయింది.

మొదట డోసు లెక్క. నాకు కావాల్సిన స్ట్రిప్ 6 మిల్లీమీటర్ల పొడవు, 3 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే 0.18 చదరపు సెంటీమీటర్లు. ఒక్కో దానిలో అరమిల్లీగ్రాము మందు. తొమ్మిది సెంటీమీటర్ల డిష్ అంటారు కాబట్టి వైశాల్యం 63.6 అనుకుని లెక్కేస్తే డిష్‌కు 177 మిల్లీగ్రాముల మందు పడాలి. పీహెచ్‌డీ చేస్తున్న మా సీనియర్ అక్క స్కేలు చేతికిచ్చి, లోపలి అడుగును కొలవమంది. 8.6 సెంటీమీటర్లే ఉంది. ఆ లెక్కన వైశాల్యం 58, మందు 161 మిల్లీగ్రాములు. పేరుకు చెప్పే కొలతను నమ్మితే ప్రతి స్ట్రిప్‌లోనూ పది శాతం మందు ఎక్కువ పడేది. "థీసిస్‌లలో డ్రగ్ కంటెంట్ 110 శాతం వచ్చిందంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ డిష్షే" అని నవ్వింది అక్క.

తర్వాత మట్టం. ఓవెన్ అర మన కంటికి సమంగానే కనబడుతుంది, కానీ డిష్‌లో ద్రావణం ఒక పక్కకు జరుగుతుంది. ఎండాక ఆ పక్క ఫిల్మ్ మందంగా, ఇటు పక్క పల్చగా ఉంటుంది. మందం తేడా అంటే మందు తేడా. మా ల్యాబ్ అటెండర్ బాబాయ్ కాలేజీలో కట్టుబడి పని చేస్తున్న మేస్త్రీ దగ్గర రసమట్టం అడిగి తెచ్చాడు. అర కింద కాగితం ముక్కలు మడిచి పెట్టి బుడగ నడిమికి వచ్చేదాకా సరిచేశాం. డిజిటల్ మైక్రోమీటర్‌లో ఫిల్మ్ మందం నడిమధ్యనా అంచుల్లోనా దగ్గర దగ్గరగా రావడం ఆ రోజు నుంచే మొదలైంది.

అసలు చిక్కు ఎండడంలో ఉంది. నీళ్లు త్వరగా పోతే పైన తోలు కడుతుంది, అడుగున నీళ్లు చిక్కుకుపోతాయి, అంచులు పైకి ముడుచుకుంటాయి. డిష్ మీద గరాటు బోర్లించి నెమ్మదిగా ఎండనిస్తే ఫిల్మ్ చదునుగా, అద్దంలా వస్తుంది. అయితే ఆ నెమ్మదిలో మెట్రోనిడజోల్‌కు స్ఫటికం కట్టే తీరిక దొరుకుతుంది. అది నీళ్లలో మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములకు అటూ ఇటూగానే కరుగుతుంది. పోసేటప్పుడు మొత్తం కరిగే ఉంటుంది. నీళ్లు తగ్గేకొద్దీ పరిమితి దాటిపోతుంది. పొద్దున్న వచ్చి చూస్తే పారదర్శకమైన ఫిల్మ్ నిండా తెల్లటి సూదులు. పరవాలేదనుకున్న డిష్‌లో కూడా మైక్రోస్కోపు కింద సన్న స్ఫటికాలు కనబడేవి. మందు ఫిల్మ్ బరువులో నాలుగో వంతు ఉన్నప్పుడు స్ఫటికం కట్టకుండా ఉండమంటే ఉండదు. చివరకు సన్న స్ఫటికాలు, సమంగా పరుచుకున్నవి వస్తే చాలనుకుని, గరాటు మూతి దగ్గర దూది ఎంత పెట్టాలి అన్నదాకా దిగి వేగాన్ని సరిపెట్టుకున్నాం. ఈ స్ఫటికాలు తర్వాత నాకు ఉపయోగపడతాయని అప్పుడు తెలియదు.

మాది గోదావరి జిల్లాల తీరప్రాంతం. ఆగస్టులో గాలే తడి. ఓవెన్‌లోంచి తీసిన ఫిల్మ్ టేబుల్ మీద కాసేపు ఉంటే మెత్తబడుతుంది, రాత్రికి వేలికి అంటుకుంటుంది. గ్లిజరిన్ తగ్గిస్తే ఎండాకాలంలో చేసిన ఫిల్మ్ పెళుసై పగిలేది. ఇంటికెళ్లినప్పుడు ఈ గోల చెబితే అమ్మ తేలిగ్గా తీసిపారేసింది. "ఆత్రేయపురంలో పూతరేకు ఎలా చుడతారు? ఎండురేకును చుడితే ముక్కలవుతుంది, తడిగుడ్డ అద్ది మెత్తబరిచి చుడతారు. నీదీ అంతే కదా." అంతే. పూతరేకు బియ్యపు పిండిపదార్థంతో పోసిన పాలిమర్ ఫిల్మే, దానికి నీళ్లే ప్లాస్టిసైజర్, అంటే మెత్తబరిచే పదార్థం. నా ఫిల్మ్‌కూ నేను కొలిచి వేసిన గ్లిజరిన్ కంటే గాలిలోంచి అది లెక్కలేకుండా తాగుతున్న నీళ్లే పెద్ద ప్లాస్టిసైజర్. అప్పటి నుంచి నోటుబుక్కులో ప్రతి బ్యాచ్ పక్కన గదిలో తేమ శాతం కూడా రాయడం మొదలుపెట్టాను. ఫిల్మ్‌లను అల్యూమినియం ఫాయిల్‌లో చుట్టి, సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో పెట్టేదాన్ని. నీలం గులాబీ అయిందా అని రోజూ చూసుకోవడం ఒక అలవాటైపోయింది.

మందు విడుదల పరీక్షకు అందరూ వాడే పెద్ద డిసల్యూషన్ గిన్నె ఇక్కడ పనికిరాదు. ఐదు మిల్లీమీటర్ల పాకెట్‌లో ఉండే ద్రవం అర మైక్రోలీటరు. గుడ్‌సన్ అంచనా ప్రకారం అది గంటకు దాదాపు 40 సార్లు మారుతుంది. అంటే గంటకు 20 మైక్రోలీటర్లు, రోజుకు సుమారు అర మిల్లీలీటరు. రెండు మిల్లీగ్రాముల బరువుండే స్ట్రిప్‌ను 900 మిల్లీలీటర్ల నీళ్లలో వేసి తిప్పితే ఆ లెక్కకూ నోటికీ సంబంధం ఉండదు. అందుకని చిన్న సీసాలో పీహెచ్ 6.6 ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ మారకుండా నిలబెట్టే ద్రావణం) ఒక మిల్లీలీటరు పోసి, స్ట్రిప్ వేసి, 37 డిగ్రీల దగ్గర ఉంచి, నిర్ణీత సమయాల్లో బఫర్ మొత్తం తీసి కొత్తది పోయడం. తీసినదాన్ని పల్చన చేసి, కాంతిని ఎంత పీల్చుకుందో చూసి మందు లెక్కకట్టే యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 320 నానోమీటర్ల దగ్గర చదవడం.

పత్రికల్లో వచ్చే పేపర్లలో చాలామంది బఫర్‌ను రోజుకు ఒక్కసారే మారుస్తారు. అలా చేస్తే మొదటి పాయింటే 24 గంటలది. ఆ లోపల ఏం జరిగిందో గ్రాఫ్ చెప్పదు. అక్క మాట మీద నేను మొదటి రోజు గంట గంటకూ తీశాను. మామూలు కైటోసాన్ ఫిల్మ్ సంగతి అప్పుడే బయటపడింది. నీళ్లు తగలగానే ఉబ్బి, జెల్లీలా మారి, మందులో సగానికి పైగా మొదటి గంటలోనే వదిలేసింది. సాయంత్రానికి లోపల మిగిలిందేమీ లేదు. ఆలోచిస్తే ఇందులో వింత ఏమీ లేదు. ఫిల్మ్ మందం వంద మైక్రాన్ల లోపు. మెట్రోనిడజోల్ చిన్న అణువు. ఉబ్బిన జెల్‌లోంచి అంత చిన్న దూరం దాటడానికి దానికి రోజులు ఎందుకు పడతాయి?

దీనికి అందరూ సూచించే విరుగుడు క్రాస్‌లింకింగ్, అంటే పాలిమర్ గొలుసులను ఒకదానికొకటి కట్టేయడం. గ్లుటరాల్డిహైడ్ బాగా పనిచేస్తుంది కానీ విషం, నోట్లో పెట్టేదానిలో మిగిలితే ప్రమాదం. మేం సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ (టీపీపీ) తీసుకున్నాం. దాని రుణావేశం కైటోసాన్ ధనావేశాన్ని పట్టుకుని గొలుసులను కట్టేస్తుంది. పోతకు ముందే కలిపితే ద్రావణం గడ్డలు గడ్డలుగా విరిగిపోతుంది. కాబట్టి ఎండిన ఫిల్మ్‌నే టీపీపీ నీళ్లలో ముంచాలి. ముంచితే ఏమవుతుంది? క్రాస్‌లింక్ అయ్యేలోపు మందు ఆ నీళ్లలోకి దిగిపోతుంది. తీసి కొలిస్తే సగం డోసు గల్లంతు. ముంచే సమయం తగ్గిస్తే మందు నిలుస్తుంది, క్రాస్‌లింక్ పైపైనే ఉంటుంది. దీనికి పరిష్కారం సార్ చెప్పారు, విన్నాక ఇంత తేలికా అనిపించింది: ముంచే నీళ్లనే మెట్రోనిడజోల్‌తో సంతృప్తం చేసెయ్. లోపలా బయటా మందు గాఢత సమానమైతే బయటికి పోవడానికి దానికి కారణం ఉండదు. స్టాక్ మందు ఖర్చవుతుంది కానీ మెట్రోనిడజోల్ చవక. పైగా టీపీపీ ద్రావణం కాస్త క్షారం కాబట్టి ఫిల్మ్‌లో మిగిలిన ఎసిటిక్ ఆమ్లం వాసన, పులుపు కూడా తగ్గాయి. అంతకుముందు ఉపరితలం పీహెచ్ చిగుళ్లను మంట పెట్టే స్థాయిలో ఉండేది.

ఇంత చేసినా విడుదల ఒక రోజుకు అటూ ఇటూగా సాగింది, అంతే. సినాప్సిస్‌లో రాసింది ఐదు రోజులు. టెన్షన్ మొదలైంది. బఫర్ రోజుకు ఒక్కసారి మార్చే పద్ధతికి వెళ్తే గ్రాఫ్ కాస్త సాగినట్టు కనబడుతుందని ఒక క్లాస్‌మేట్ సలహా ఇచ్చాడు. సార్ ముందు ఆ మాట ఎత్తే ధైర్యం నాకు లేదు, ఎత్తాలనీ అనిపించలేదు.

అక్క దగ్గర పీఎల్‌జీఏ సీసా అడుగున కొంచెం మిగిలి ఉంది, లాక్టైడ్, గ్లైకోలైడ్ సగం సగం ఉండే రకం. ఫిల్మ్ మొత్తం దానితో చేయాలంటే గ్రాములు కావాలి. స్ట్రిప్‌కు పైన పల్చటి తొడుగు వేయాలంటే పావు గ్రాము చాలు. ఐదు శాతం ద్రావణం చేసి, కత్తిరించిన స్ట్రిప్‌ను ట్వీజర్‌తో పట్టుకుని ఫ్యూమ్ హుడ్‌లో టక్కున ముంచి తీయడం. కత్తిరించాకే ముంచాలి, లేకపోతే నాలుగు అంచుల నుంచీ మందు దొడ్డిదారిన పోతుంది. గ్రాఫ్ కాగితం మీద గాజు పలక పెట్టి, సర్జికల్ బ్లేడుతో గడుల వెంట కోసి, పట్టుకున్న చోటు కోసం తిప్పి రెండోసారి ముంచి, రాత్రంతా వాక్యూమ్‌లో ఆరబెట్టేదాన్ని. సాల్వెంట్ మిగులు పరీక్షకు శాంపిల్ బయటికే పంపాల్సి వచ్చింది, పరిమితిలోపే ఉందని రిపోర్టు వచ్చింది.

క్రాస్‌లింక్ చేయని ఫిల్మ్‌కు ఈ తొడుగు వేస్తే రెండు గంటల్లో పగిలిపోయింది. లోపల కైటోసాన్ ఉబ్బి తొడుగును చీల్చేసింది. అదే క్రాస్‌లింక్ చేసిన ఫిల్మ్ కొద్దిగానే ఉబ్బింది, తొడుగు తట్టుకుంది. అంటే టీపీపీ మందును ఆపలేదు కానీ నీళ్లను అదుపులో పెట్టింది. మందును ఆపే పని తొడుగు చేసింది. విడివిడిగా చూస్తే రెండూ పనికిరానివే.

గ్రాఫ్ చూసి సార్ కుర్చీ జరుపుకుని కూర్చున్నారు. మొదటి రోజు కాస్త ఎక్కువ, ఆ తర్వాత దాదాపు సరళరేఖ. రోజుకింత చొప్పున ఐదో రోజు దాటేదాకా. ఇక్కడ ఆ స్ఫటికాలు గుర్తొచ్చాయి. ఉబ్బిన స్ట్రిప్ లోపల ద్రవం ఐదు మైక్రోలీటర్లు అనుకున్నా, అరమిల్లీగ్రాము మందు అందులో మొత్తం కరగదు, యాభై మైక్రోగ్రాములే కరుగుతుంది. మిగతాది స్ఫటికంగానే కూర్చుని, కరిగినది బయటికి పోయినకొద్దీ మళ్లీ కరుగుతూ ఉంటుంది. లోపలి గాఢత స్థిరం కాబట్టి తొడుగు దాటే వేగమూ స్థిరం. పారదర్శకంగా రావాలని నేను ఏడ్చిన ఫిల్మ్ నిజంగానే అలా వచ్చి ఉంటే ఈ గీత వచ్చేది కాదేమో.

మోడల్ ఫిటింగ్, అంటే విడుదల గీతకు ఏ గణిత సూత్రం సరిపోతుందో చూడడం, దాని గురించి ఎక్కువ చెప్పను. జీరో ఆర్డర్, ఫస్ట్ ఆర్డర్, హిగుచి, పెప్పాస్ అన్నీ వేసి ఏ సూత్రపు సరిపోలిక సంఖ్య 1కి దగ్గరుంటే దాన్ని ఎంచుకోవడం అందరూ చేసేదే. పెప్పాస్ సమీకరణాన్ని మొదటి 60 శాతం విడుదల వరకే వాడాలన్న సంగతిని సగం థీసిస్‌లు మరిచిపోతాయి. తొడుగు లేని ఫిల్మ్‌కు పెప్పాస్ ఘాతాంకం 0.5కు కాస్త పైన వచ్చింది, పల్చటి ఫిల్మ్‌లో విసరణకు 0.5 రావాలి, మిగతాది ఉబ్బడం వల్ల. రసాయన బంధాలను చూపే ఎఫ్‌టీఐఆర్ పరీక్షలో మెట్రోనిడజోల్ నైట్రో గ్రూపు శిఖరం 1535 సెం.మీ⁻¹ దగ్గర యథాతథంగా ఉంది, కాబట్టి మందుకూ పాలిమర్‌కూ గొడవ లేదు.

ఫోల్డింగ్ ఎండ్యూరెన్స్ అని ఒక పరీక్ష ఉంది. ఫిల్మ్‌ను ఒకే చోట మడిచి విప్పి మడిచి విప్పి, ఎన్నిసార్లకు విరుగుతుందో లెక్కపెట్టాలి. 300 దాటితే భేష్ అని అందరూ రాస్తారు. నా మెత్తటి ఫిల్మ్‌లు ఆ పరీక్షలో ఫస్ట్ క్లాస్. డెంటల్ కాలేజీలో పీజీ చేస్తున్న నా స్నేహితురాలికి వాటిని చూపిస్తే, పెకిలించిన పన్ను చుట్టూ మైనం కట్టి ఉన్న మోడల్‌లో ఒకటి దూర్చబోయింది. తడి తగలగానే స్ట్రిప్ వంగి ట్వీజర్‌కే చుట్టుకుంది. "ఏంటే ఇది, సందులోకి తోయాలంటే కాస్త నిటారుగా ఉండాలి కదా. దీన్ని మూడొందల సార్లు మడిచేది ఎవరు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ పరీక్ష చర్మం మీద అంటించే ప్యాచ్‌లకు పనికొస్తుందేమో, పాకెట్‌లోకి దూర్చే రేకుకు కావాల్సింది బిగువు. తొడుగు వేసిన స్ట్రిప్ మడతల పరీక్షలో బాగా వెనకబడింది, ఆమె చేతిలో మాత్రం నేరుగా లోపలికి దిగింది. థీసిస్‌లో రెండూ రాశాను.

బ్యాక్టీరియా పరీక్ష దగ్గర సార్‌కూ నాకూ ఒకే పట్టుదల. మెట్రోనిడజోల్ ఫిల్మ్‌ను మామూలు ఇంక్యుబేటర్‌లో ఈ.కోలై మీద, స్టెఫైలోకాకస్ మీద పెట్టి జోన్ (బ్యాక్టీరియా పెరగని వలయం) చూపించిన థీసిస్‌లు మా లైబ్రరీలోనే ఉన్నాయి. ఆక్సిజన్ ఉన్న చోట ఈ మందు పనిచేయదు. గాలి లేని కణంలోనే దాని నైట్రో గ్రూపు మారి డీఎన్‌ఏను దెబ్బతీస్తుంది. మరి ఆ జోన్లు ఎక్కడివంటే కైటోసాన్‌వి, లేదా మిగిలిన ఎసిటిక్ ఆమ్లంవి. మేం ఒక మైక్రోబయాలజీ ల్యాబ్‌ను బతిమాలి ఆక్సిజన్ తీసేసిన అనెరోబిక్ జార్‌లో చేయించుకున్నాం, మందు లేని ఫిల్మ్‌ను పక్కనే కంట్రోల్‌గా పెట్టి. ఖర్చు నా స్టైపెండ్‌లోదే.

స్టెబిలిటీ పరీక్షకు, అంటే నిల్వలో పాడవుతుందా అని చూడడానికి, 40 డిగ్రీలు, 75 శాతం తేమ. గైడ్‌లైన్ ఆరు నెలలంటుంది, మాకు కోర్సులో దొరికేది మూడే. ఉత్త ప్లాస్టిక్ కవర్‌లో పెట్టినవి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఫాయిల్‌లో సీల్ చేసినవి నిలిచాయి. పీఎల్‌జీఏ 45, 50 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండాకాలంలో మన మందుల షాపు అర మీద ఇది ఉండగలదా అంటే ఫ్రిజ్‌లోనే ఉండాలని నా అభిప్రాయం. అక్కడే దీని ధర పెరుగుతుంది.

వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ సార్ మొదట రొయ్యల ఎలర్జీ గురించి అడిగారు. ఎలర్జీకి ప్రధాన కారణం మాంసంలోని ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్, శుద్ధి చేసిన కైటోసాన్‌లో ప్రోటీన్ చాలా వరకు పోతుంది, అయినా లేబుల్ మీద హెచ్చరిక రాయాల్సిందే అన్నాను. తలూపారు. తర్వాత అసలు ప్రశ్న వేశారు. "మందు ఐదారు రోజుల్లో అయిపోతుంది. సగం సగం పీఎల్‌జీఏ పూర్తిగా కరగాలంటే నెల పైనే పడుతుంది కదా. ఈలోగా ఆ ఖాళీ తొడుగు పాకెట్‌లో ఏం చేస్తుంటుంది?"

నేను గుడ్డులోంచి తీసిన లైసోజైమ్ కలిపిన బఫర్‌లో తొడుగు లేని ఫిల్మ్‌ల బరువు తగ్గడం చూపించాను. లాలాజలంలో, చిగుళ్ల ద్రవంలో ఉండే ఆ ఎంజైమే కైటోసాన్‌ను తెంచుతుంది. అది కూడా ఎసిటైల్ గ్రూపులు మిగిలి ఉన్న చోట్లనే, కాబట్టి ఆ గ్రూపులు మరీ ఎక్కువగా ఊడిన కైటోసాన్ నెమ్మదిగా కరుగుతుంది. కానీ తొడుగు ఉన్నంతసేపూ ఎంజైమ్ లోపలికి చేరదు. ఖాళీ తొడుగు మీద మళ్లీ బ్యాక్టీరియా పేరుకునే అవకాశం ఉందని ఒప్పుకున్నాను. తక్కువ అణుభారం ఉన్న, చివర ఆమ్లపు గ్రూపు ఉన్న పీఎల్‌జీఏ త్వరగా తెగుతుంది, దానితో తొడుగు వేస్తే ఈ ఎడం తగ్గుతుందన్నాను. "చేసి చూశావా?" అన్నారు. లేదన్నాను. రాసుకున్నారు.

ఇప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక కంపెనీ ఫార్ములేషన్ విభాగంలో నాలుక మీద అర నిమిషంలో కరిగిపోయే ఫిల్మ్‌ల పని చేస్తున్నాను. మా జూనియర్ అమ్మాయి అదే కాలేజీలో ఆ తొడుగు మార్చే పని అందుకుంది. మొన్న ఫోన్ చేసి తక్కువ అణుభారం రకం తెప్పించామని, మొదటి స్ట్రిప్‌లు మూడో రోజుకే చీలుతున్నాయని చెప్పింది. టీపీపీలో ముంచే సమయం పెంచి చూడమన్నాను.